బోసి చెవులతో బొంబాయికి

నా తలకున్న రెండు చెవులూ నావి కావని ముప్పై దాటాక తెలిసింది నాకు. అవి మా అత్తగారివి. నేను వాటిని మోసుకు తిరుగుతున్నానంతే. ఆ సంగతి తెలియక, వాటికి కాస్త సుఖం కొనిపెడదామని కోఠీ దాకా వెళ్ళాను.

అప్పట్లో మా కంపెనీ మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక గాజు మేడలో ఉండేది. చుట్టూ ఇంకా బండలే. మధ్యాహ్నం పూట వాటిని పేల్చేవాళ్ళు. కిటికీ అద్దాలు గడగడలాడేవి, కంప్యూటర్ తెరలు వణికేవి. మేం కీబోర్డు మీంచి చేతులు తీసి, మోత అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. మా టీముకి బొంబాయిలో ఒక బ్యాంకు పని దొరికింది. దానికి లీడ్‌ని నేను. సోమవారం పొద్దున్న బేగంపేటలో విమానం ఎక్కి వెళ్ళి, శుక్రవారం సాయంత్రం తిరిగి రావాలి. వారం వారం విమానం ఎక్కే ఆడది మా కంపెనీలో నేనొక్కదాన్నే. మేం అద్దెకున్న బోరబండ వీధిలో అయితే, నేను సూట్‌కేసుతో బయల్దేరుతుంటే గుమ్మాల్లోకి వచ్చి మరీ చూసేవారు.

తలనొప్పి మొదలయ్యేదాకా అంతా గొప్పగానే ఉండేది. టికెట్లు తీసేవాళ్ళు నాకెప్పుడూ రెక్క వెనక సీటే ఇచ్చేవారు. అక్కడ ఇంజన్ రొద చెవుల్లోంచే కాదు, దవడల్లోంచి కూడా లోపలికొస్తుంది. కొన్ని నెలలు గడిచేసరికి అది నా తలలో కుడిపక్కన కాపురం పెట్టింది. బొంబాయిలో దిగేసరికి కుడి కన్ను తెరవలేకపోయేదాన్ని. కడుపులో దేవేది. ఒకసారి బ్యాంకు వాళ్ళతో మీటింగు మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరిగెత్తాను. రెండోసారి పరిగెత్తే వ్యవధి కూడా దొరకలేదు. చెత్తబుట్ట దగ్గరలో ఉండబట్టి సరిపోయింది. ఆ బ్యాంకు పెద్దాయన మర్యాదస్తుడు. నేను మూతి తుడుచుకునేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

మా మేనేజరు అంత మర్యాదస్తుడు కాడు. ఆ శనివారం నన్ను తన గదిలోకి పిలిచి, టీ తెప్పించి, "ఏమైనా విశేషమా అండీ?" అంటూ నా పొట్ట వంక చూశాడు. కాదన్నాను. అయితే మరీ ప్రమాదం అన్నట్టు మొహం పెట్టాడు.

"ట్రావెల్ అందరికీ పడదండీ. ఫ్యామిలీ లేడీస్‌కి అసలే కష్టం. ఇంకో మూడు నెలల్లో బ్యాంకు బోర్డు ముందు ఫైనల్ డెమో. అది ఎవరు చేస్తే సెకండ్ ఫేజ్‌కి వాళ్ళే లీడ్. మీకింకోసారి ఇలా అయితే మన జూనియర్‌ని పంపిస్తాను, ఏమీ అనుకోకండి."

ఆ జూనియర్ నా కింద పనిచేసే ఇంజనీరు. ఆ సాఫ్ట్‌వేర్‌ని అతనికి ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టు నేర్పింది నేను. అతను అద్దం అవతల నిలబడి ప్రింటర్ వంక చూస్తున్నట్టు నటిస్తూ మమ్మల్నే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ డెమో నేనే చేస్తానని, నా శవం మీదుగా తప్ప అతను ఆ బోర్డు గదిలో నోరు విప్పలేడని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

డాక్టరు దీన్ని పార్శ్వపు నొప్పి అన్నాడు. మోత తగ్గించుకోండి, లేకపోతే విమానం మానేయండి అన్నాడు. మానేయమని చెప్పడానికి డాక్టరే కావాలా, మా అత్తగారు రోజూ చెబుతూనే ఉంది.

ముందు దూది పెట్టుకుని చూశాను. దూదికి మాటలు ఆగాయి గానీ రొద ఆగలేదు. మందుల షాపులో స్పాంజి బిరడాలు దొరికాయి. అవి పెట్టుకుంటే నా గుటక నాకే పెద్దగా వినిపించేది, రొద మాత్రం బిరడాని లెక్కచేయలేదు. వాక్‌మన్‌లో పాటలు గట్టిగా పెట్టుకుంటే ఇంజన్ వినపడదని మా ఆయన సలహా ఇచ్చాడు. ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, అప్పటికి విమానం ఎక్కలేదు. ఆ సలహా పాటించిన రోజు ఇంజనూ పాటలూ కలిసి నా తల మీద పడ్డాయి.

చివరికి విమానంలో ఇచ్చే పత్రికలోనే నాకు మందు కనిపించింది. పైలట్లు వాడే రకం హెడ్‌ఫోన్ల ప్రకటన అది. బయటి మోతని ఒక చిన్న మైకు వింటుందట. దానికి సరిగ్గా ఎదురు మోత పుట్టించి, రెండింటినీ ఒకదాన్నొకటి కొట్టుకు చావమంటుందట. మనకి మిగిలేది నిశ్శబ్దం. ఖరీదు చూశాక పత్రిక మూసి సీటు జేబులో పెట్టేశాను. ఆ ధరకి మా ఇంట్లోకి ఫ్రిజ్ వస్తుంది. కానీ అలాంటి వస్తువు లోకంలో ఉందని తెలిశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

కోఠీలో సింగపూర్ సామాను అమ్మే సందు ఒకటుంది. ఒక శనివారం ఆ సందంతా తిరిగాను. సగం షాపులవాళ్ళు పాటలు వినే మామూలు హెడ్‌ఫోన్లు చూపించి, "సౌండ్ మస్తుగుంటది" అన్నారు. సౌండ్ వద్దురా నాయనా అంటే నన్ను ఎగాదిగా చూశారు. చివరి షాపాయనకి మాత్రం నా గోల అర్థమైంది.

"విమానం మోత గావాలె... అదే, వద్దు. అంతేగద మేడమ్? పైలట్లది మనకెందుకు, అది పెద్దోళ్ళకు. జర గివి సూడున్రి," అని మూడు రకాలు గాజు బల్ల మీద పెట్టాడు.

అంతలో కరెంటు పోయింది. సందులో ప్రతి షాపు ముందూ ఉన్న కిరోసిన్ జనరేటర్లు ఒకదాని తరవాత ఒకటి లేచాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. విమానం మోతని నేలమీద ఎలా పరీక్షించాలా అని వారం రోజులుగా కొట్టుకుంటున్నాను, అది తనంతట తానే నడిచొచ్చింది. మొదటి రకం చెవి మీద కూర్చునేది, దాన్లోంచి మోత జల్లెట్లో నీళ్ళలా కారింది. రెండోది చెవి మొత్తాన్ని మూసే పెద్ద డిప్పలది. షాపాయన నోరు కదులుతోంది, మాట వినపడలేదు, జనరేటర్ మాత్రం హాయిగా వినపడింది. మూడోది బ్యాటరీది. వైరు మధ్యలో చిన్న పెట్టె, దానికో మీట. పేరు లేని కంపెనీ. మామూలు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు, బొంబాయిలో ఏ కిళ్ళీకొట్లో అయినా దొరుకుతాయి. పెట్టుకుని మీట నొక్కాను. మోత కాస్త తగ్గి, మళ్ళీ పక్కనుంచి దూరింది. పైగా రెండు చెవుల వెనకా ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టు నొప్పి.

షాపాయన నా చెవుల వంక చూశాడు.

"కమ్మలు అడ్డమొస్తున్నయ్ మేడమ్. డిప్ప ఆనుతలేదు, సందుల నుంచి మోత వొస్తది. జర తీసి సూడున్రి."

అవి ఏడు రాళ్ళ దిద్దులు. పెళ్ళిలో మా అత్తగారు పెట్టినవి. ఒక్కొక్కటీ పావలా బిళ్ళంత ఉంటుంది. వెనక లావుపాటి కాడ, కాడకి బంగారు మర. హెడ్‌ఫోను డిప్ప ఆ కాడని తీసుకెళ్ళి సరిగ్గా చెవి వెనక ఎముకకి గుచ్చుతోంది. వీటిని ఎప్పుడూ తీయకూడదని పెళ్ళిపీటల మీదే చెప్పింది ఆవిడ. నేనూ తీయలేదు. భయంతో కాదు, తీయాల్సిన పని పడక.

షాపు అద్దం ముందు నిలబడి మరలు తిప్పాను. దిద్దులు అరచేతిలోకి వచ్చాయి. చెవులు తేలికై, నావి కానట్టు అనిపించాయి. మళ్ళీ డిప్పలు పెట్టుకుని మీట నొక్కాను. సందులో జనరేటర్లన్నీ ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయాయి. కళ్ళముందు అవి పొగ కక్కుతూ ఊగుతూనే ఉన్నాయి. షాపాయన, "మంచిగుందా మేడమ్?" అనడం సన్నగా వినపడింది. నాకు ఏడుపొచ్చింది. రెండు పట్టుచీరల ఖరీదు అది, ఆ ఏడాది చీరలు మానుకుని కొన్నాను.

ఆ తరవాత కొన్ని వారాలు నా జీవితంలో మంచి రోజులు. విమానం పైకి లేచాక దిద్దులు తీసి చేతిరుమాల్లో మూటగట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకునేదాన్ని. దిగేముందు మళ్ళీ దిద్దులు పెట్టుకునేదాన్ని. రెండు కళ్ళూ తెరుచుకుని బ్యాంకులో అడుగుపెట్టేదాన్ని. బ్యాంకు పెద్దాయన ఒకరోజు, మీరు బాగా కోలుకున్నారు, అన్నాడు. ఆ వారం రిపోర్టులు పట్టుకుని నాతో వచ్చిన మా జూనియర్ ఆ మాట విని మొహం మాడ్చుకున్నాడు. ఆ మాడిన మొహం నాకెంత సుఖాన్నిచ్చిందో దాచుకోను.

ఒక శుక్రవారం విమానం దిగుతూ కుదిపేసరికి ఒక మర నా వేళ్ళలోంచి జారి సీట్ల కిందికి పోయింది. వెతికాను, దొరకలేదు. ఊడకుండా దిద్దు కాడకి రబ్బరు ముక్క గుచ్చుకుని ఇంటికొచ్చాను.

మా అత్తగారికి చత్వారం ఉంది. బియ్యంలో రాళ్ళు కనపడవు. కానీ నా చెవి వెనక రబ్బరు ముక్క గుమ్మంలోనే కనపడింది.

"మర ఏదే?"

"పడిపోయిందండీ."

"దానంతటది పడదు. తిప్పితే వస్తుంది. ఎందుకు తిప్పావ్?"

చెప్పాను. దాచడం చేతకాక కాదు, దాచాల్సినంత తప్పేముందని. హెడ్‌ఫోన్లు తెచ్చి ఆవిడ తలకి పెట్టబోయాను కూడా. ఆవిడ పామును చూసినట్టు వెనక్కి జరిగింది.

"మొగుడు బతికుండగా బోసి చెవులేసుకుని ఆకాశంలో ఊరేగుతున్నావన్నమాట. నా కొడుకు ఏమైపోయినా నీకు ఆ బొంబాయి ముఖ్యం. ఒక్కగానొక్కణ్ణి నీ చేతిలో పెట్టాను, నా ఖర్మ."

మా ఆయన పేపరు చదువుతూ, "అబ్బా, వదిలేయమ్మా, దిద్దులకీ ప్రాణాలకీ సంబంధం ఏమిటి?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు కొండంత అండగా కనిపించింది.

ఆదివారం నాటికి ఆవిడ చల్లబడింది. చల్లబడ్డప్పుడే ఆవిడతో జాగ్రత్తగా ఉండాలని నాకు తెలిసుండాల్సింది. కొత్త మర వేయిద్దామని మా వీధి చివరి అవుసలాయన్ని, అంటే కంసాలిని, ఇంటికే పిలిపించింది. నన్ను పీట మీద కూర్చోబెట్టింది. ఆయన కొత్త మర బిగించి, చిన్న పటకారుతో రెండు చెవుల వెనకా ఏదో నొక్కాడు. చురుక్కుమంది. "ఇగ పడదమ్మా, ఏం ఫికర్ చెయ్యకు," అన్నాడు. మా అత్తగారు ఆయనకి కాఫీ ఇచ్చింది. నాకూ ఇచ్చింది.

మర్నాడు విమానంలో మర తిప్పితే తిరగలేదు. గోళ్ళు విరిగాయి. మరుగుదొడ్డి అద్దంలో చెవి వంచి చూస్తే అర్థమైంది. కాడ చివరలు పటకారుతో చదును చేసి, మర బయటికి రాకుండా నొక్కేశాడు. పసిపిల్లల పోగులకి చేస్తారు అలా, ఊడి నోట్లో పెట్టుకోకుండా. నన్ను పీట మీద కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పశువుకి ముక్కుతాడు వేసినట్టు వేయించింది మా అత్తగారు. ఆ క్షణంలో ఆవిడ ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

దిద్దుల మీదే హెడ్‌ఫోన్లు బిగించుకున్నాను. కాడలు ఎముకలోకి దిగాయి, రొద సందుల్లోంచి దూరింది. దిగేసరికి పాత నొప్పి కొత్త నొప్పిని వెంటబెట్టుకొచ్చింది. మాత్రలు మింగి ఆ వారం ఎలాగో నెట్టాను గానీ, మీటింగులో ఒక అంకెకి బదులు ఇంకోటి చెప్పాను. శుక్రవారం మేనేజరు ఫోన్ చేశాడు. వచ్చే మంగళవారం డెమోకి జూనియర్ కూడా నాతో వస్తాడట. "ఊరికే, బ్యాకప్‌కి," అన్నాడు.

ఇంట్లో ఆ సంగతి ఎత్తకుండా శనివారం నేరుగా కోఠీ వెళ్ళాను. హెడ్‌ఫోన్లు అమ్మిన షాపాయన దగ్గర వైర్లు కోసే కటింగ్ ప్లేయర్ ఉంటుందని నాకు తెలుసు. చెవులు చూపించాను. ఆయన వెనకాముందు ఆడాడు.

"బంగారం మేడమ్. ఇంట్ల ఏమన్న అంటే నన్ను అనకున్రి."

"కొయ్యండి. నేను చూసుకుంటాను."

టక్కుమని ఒకటి, టక్కుమని ఇంకొకటి. తెగిన దిద్దులు కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేను బోసి చెవులతోనే బస్సెక్కి, బోసి చెవులతోనే ఇంట్లో అడుగుపెట్టి, ఆ పొట్లం మా అత్తగారి ముందు పెట్టాను. కావాలనే అలా వచ్చాను. ఆవిడ ఏడిస్తే చూడాలనిపించింది.

ఆవిడ ఏడవలేదు. పొట్లం విప్పి, తెగిన కాడల్ని వేలితో నిమిరింది.

"మీ మావగారు పోయిన రోజు ఇవి నా చెవులకి లేవు," అంది. "మెరుగు పెట్టించడానికి పొద్దున్నే కంసాలికి ఇచ్చాను. సాయంత్రానికి ఆయన గుండె ఆగింది. ఆ కంసాలి మెరుగుపెట్టి తెచ్చిచ్చేసరికి నాకు పెట్టుకునే రాత లేకుండా పోయింది."

ఆ సంగతి నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. మా ఆయన వంక చూస్తే, ఆయన పేపరు మడత పెడుతున్నాడు. నాకు జాలి కలగలేదు. గుండెజబ్బుతో పోయినాయనకి నా చెవులు పూచీ ఏమిటని ఇంకా మండింది. అదే మాట పైకి అన్నాను కూడా.

ఆదివారం ఆవిడ కొడుకుని తరిమింది, ఆ దిద్దులు అతికించుకు రమ్మని. అవుసలాయన పనిముట్లతో సహా మాదాపూర్‌లో కూతురింటికి వెళ్ళాడని తెలిస్తే, అక్కడికే పొమ్మంది. బయట వాన. మా ఆయన స్కూటర్ వేసుకుని వెళ్ళాడు. అక్కడ రోడ్డంతా తవ్వేసి కంకర పోసి ఉంది. తిరిగొస్తూ ఆ కంకర మీద జారి పడ్డాడు. సాయంత్రం ఎవరో ఆటోలో తీసుకొచ్చి దించారు. దవాఖానలో చేతికి పిండికట్టు వేశారట. మొహం ఒక పక్కంతా గీసుకుపోయింది. వెనకాలే వచ్చిన లారీ చక్రం ఆయన తలకి జానెడు దూరంలో ఆగిందట. ఆటో అతను అది మూడుసార్లు చెప్పాడు.

ఆయన్ని వానలో పంపింది మా అత్తగారు. పోసిన కంకర కాంట్రాక్టరుది. కానీ ఆవిడ నా చెవుల వంక చూసి లోపలికెళ్ళి, కొడుక్కి పాలు కాచి తెచ్చింది.

సోమవారం పొద్దున్న నేను సూట్‌కేసు మూస్తుంటే మా ఆయన వచ్చి నిలబడ్డాడు. బాగున్న చేతిని చాపాడు. అరచేతిలో దిద్దులు, కొత్త కాడలతో.

"నేను ఇవన్నీ నమ్మను, నీకు తెలుసు," అన్నాడు. "కాడలు నొక్కవద్దని కూడా చెప్పాను ఆయనతో, మర మామూలుగానే తిరుగుతుంది. కానీ ఈ ఒక్కసారికి తీయకు."

దిద్దులకీ ప్రాణాలకీ సంబంధం ఏమిటని నవ్విన మనిషి ఇతనే. ఆయన కళ్ళలో భయం. నేనంటే భయం. అంతకు ముందెప్పుడూ ఆయన నన్నలా చూడలేదు. ఒంటిచేత్తో మర బిగించడం రాక ఆయన తంటాలు పడుతుంటే, మా అత్తగారు వచ్చి బిగించింది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

విమానం పైకి లేచింది. రెక్క వెనక సీటే. పక్కన జూనియర్ డెమో కాగితాలు తిరగేస్తున్నాడు. రొద మొదలైంది. హెడ్‌ఫోన్లు ఒళ్ళో ఉన్నాయి. చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. మర నిజంగానే మెత్తగా తిరిగింది, అర చుట్టు. ఇక్కడ నన్నెవరూ చూడ్డం లేదు. వాళ్ళు బోరబండలో ఉన్నారు. తీసి మళ్ళీ పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. నాకు ఇంజనీరింగ్‌లో ఫస్ట్ క్లాసు వచ్చింది, గుండెలు ఎందుకు ఆగుతాయో తెలుసు, స్కూటర్లు ఎందుకు జారతాయో తెలుసు. ఆ లారీ చక్రం మాత్రం కళ్ళముందు నుంచి కదల్లేదు. తిప్పిన అర చుట్టునీ మళ్ళీ బిగించేశాను.

మంగళవారం పొద్దుటికి కూడా కుడి కన్ను పూర్తిగా తెరుచుకోలేదు. బోర్డు ముందు కాసేపు మాట్లాడాను. తరవాత తెర మీది అక్షరాలు ఈదడం మొదలుపెట్టాయి. నేను బల్ల పట్టుకున్నాను. జూనియర్ లేచి నా చేతిలోంచి మైకు అందుకుని మిగతాది చెప్పాడు. బాగా చెప్పాడు. నేను నేర్పిన మాటలే, ఒక్కటి కూడా పొల్లుపోలేదు. రెండో దశకి లీడ్ అతనేనని మేనేజరు గురువారం నాడు ఫోన్ చేసి చెప్పాడు.

శుక్రవారం బొంబాయి విమానాశ్రయంలో జూనియర్ నా పక్కన కూర్చుని, "మేడమ్, ఇకనుంచి నేనే కదా వారం వారం తిరగాలి. ఆ హెడ్‌ఫోన్లు మీకిక అవసరం లేదు కదండీ?" అన్నాడు. అతని చెవులు నున్నగా ఉన్నాయి, ఏ ముసలామె ప్రాణాలూ వాటికి వేలాడడం లేదు. ఇచ్చాను. పెట్టెలోంచి బ్యాటరీలు తీసుకుని ఇచ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన పిండికట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. మొహం మీద గీతలు మానుతున్నాయి. మా అత్తగారు ముందు నా చెవుల వంక చూసింది. తరవాత నా చేతిలో సూట్‌కేసు అందుకుంది. పెళ్ళయ్యాక ఆవిడ నా చేతిలో బరువు అందుకోవడం అదే మొదలు. వేడివేడిగా అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, నెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అంది.

"చూశావా, వాడికేం కాలేదు."

"అవునండీ," అన్నాను. "ఆయనకేం కాలేదు."